పనోళ్లు దొరుకుతలేరు అనే ముందు మీ ప్రకటన చదవండి

వరంగల్‌లోనైనా కరీంనగర్‌లోనైనా ఏ యజమానిని కదిపినా ఒకటే మాట: పనోళ్లు దొరుకుతలేరు. రైస్‌మిల్లుల్లో బిహార్ హమాలీలు, సెంట్రింగ్‌కు ఒడిశా ముఠాలు, చివరికి వరినాట్లకు బెంగాల్ కూలీలు దిగుతున్నారు. అదే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి మనవాళ్లు అప్పు చేసి మరీ దుబాయ్, సౌదీ, ఖతార్ పోతున్నారు. మనుషులున్న చోటే మనుషుల కరువు ఎందుకొచ్చిందో తెలియాలంటే ఉద్యోగ ప్రకటన తీసి చదవాలి.

‘వయసు 18–28. టెన్త్ పాస్. రెండేళ్ల అనుభవం, ధ్రువపత్రం తప్పనిసరి. సొంత బండి ఉంటే ప్రాధాన్యం.’ సాధారణంగా కనిపించే మాటలే. వయసు గీతతో పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక పనికి సిద్ధమైన తల్లి పోతుంది. టెన్త్ గీతతో బీడీలు చేసే ఆమె పోతుంది. ధ్రువపత్రం దగ్గర గల్ఫ్ నుంచి వచ్చినవాడు ఆగిపోతాడు. బండి దగ్గర పల్లె ఆడవాళ్లలో చాలామంది మిగలరు. ఈ నాలుగు షరతుల్లో పనితనాన్ని కొలిచేది ఒక్కటీ లేదు.

ముందు గల్ఫ్ వాపసీల సంగతి. వీసాలో ‘లేబర్’ అని ఉంటుంది, పదేళ్లు చేసింది ఏసీ డక్టింగ్ (చల్లగాలి పోయే రేకు గొట్టాలు బిగించే) పని. వచ్చేటప్పుడు చాలా కంపెనీలు అనుభవ పత్రం ఇవ్వవు. అలాగని ఆధారాలే లేవనుకోవద్దు. ఇకామా (అక్కడి నివాస కార్డు), సైట్ భద్రతా శిక్షణ కార్డులు, గేట్ పాసులు, జీతం పడిన బ్యాంకు లెక్క అడగండి. యూఏఈలో జీతాలు బ్యాంకుల ద్వారా చెల్లించే పద్ధతి 2009లోనే మొదలైంది కాబట్టి ఎక్కడ ఎన్నేళ్లు చేశాడన్నది అందులో తేలుతుంది. పనితనం మాత్రం కాగితంలో దొరకదు, సగం రోజు చేయించి చూడాల్సిందే. ఆ సగం రోజుకు కూలి ఇవ్వాలి. ఉత్తగా చేయించుకుంటే మంచి పనివాడు మళ్లీ మీ గేటు వైపు రాడు.

ఏసీ మెకానిక్‌కు ఒక స్ప్లిట్ బిగించే పని ఇవ్వండి. రాగి పైపు కోశాక లోపలి అంచు గీకి నునుపు చేస్తాడా? పైపు కొసను గరాటులా విప్పే ముందే (దీన్నే ఫ్లేర్ అంటారు) నట్టు ఎక్కించుకుంటాడా? ఫ్లేర్ అయ్యాక నట్టు గుర్తొచ్చేవాడు కొత్తవాడు. నైట్రోజన్‌తో ప్రెజర్ పెట్టి లీకు చూడాలి. తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి గేజిలో 500 మైక్రాన్ల (శూన్యాన్ని కొలిచే లెక్క) కిందికి దించి, పంపు ఆపాక రీడింగ్ నిలబడిందో లేదో కాసేపు చూడాలి. మన దగ్గర చాలామంది ఈ తతంగమంతా మాని కాస్త గ్యాస్ వదిలి పైపులో గాలిని తోసేస్తారు. మిగిలిన తేమ గ్యాస్‌తో, నూనెతో కలిసి ఆమ్లమై కంప్రెసర్ వైండింగ్‌ను తినేస్తుంది. ఆ ఫిర్యాదు మరుసటి వేసవికి గానీ రాదు, అప్పటికి బిగించినవాడు ఎవరో ఎవరికీ గుర్తుండదు. స్కాఫోల్డింగ్ (ఎత్తులో పనికి కట్టే పరంజా) పనివాడికి రెండు బేల (గుంజల మధ్య గడుల) మేర గుంజలు నిలబెట్టమనండి. బేస్ ప్లేటు కింద చెక్క, ఏటవాలు బ్రేసింగ్, పలకల అంచున సామాను జారిపడకుండా టో బోర్డు, నడుము ఎత్తున గార్డ్ రైలు అడగకుండానే వేస్తే అతన్ని వదులుకోకండి.

ఇక్కడ చిక్కులూ ఉన్నాయి. గల్ఫ్‌లో ఒక్కో మనిషి ఎక్కువగా ఒక్క పనే చేస్తాడు. ఎనిమిదేళ్లు సీలింగ్ గ్రిడ్ మాత్రమే కట్టినవాణ్ని ఇక్కడ వైరింగ్ కూడా చూడమంటే రెండూ చెడతాయి. సౌదీలో తీసుకున్న భారీ వాహనాల లైసెన్సు ఇక్కడ చెల్లదు. మన చట్టం ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి లెర్నర్ లైసెన్సు కావాలంటే కారు లైసెన్సు కనీసం ఏడాది పాతదై ఉండాలి. ఇక్కడి పాత లైసెన్సు గడువు దాటి ఏడాది మించితే మళ్లీ పరీక్షకు కూర్చోవాలి. ఆ వ్యవధిలో అతన్ని యార్డు లెక్కలు, లోడింగ్ చూసే పనిలో పెట్టుకోవచ్చు.

ఇక జీతం. దుబాయ్‌లో నెలకు 1,500 దిర్హాములంటే, దిర్హాము 23 రూపాయల లెక్కన 34,500. పైగా గది, సైట్‌కు బస్సు కంపెనీవే. మీరు 18 వేలనగానే అతను మళ్లీ ఏజెంటుకు ఫోన్ చేస్తాడు. మొత్తం సమానం చేయలేకపోయినా, ఓవర్‌టైమ్‌కు చట్టం చెప్పిన రెట్టింపు కూలి, మూడు నెలల తర్వాత ఎంత పెంచుతారో కాగితం మీద రాసివ్వడం, ఈ రెండూ చేస్తే చాలామంది ఇంటి దగ్గర ఉండటానికే మొగ్గుతారు. నోటి మాటగా ‘చూద్దాం’ అంటే నమ్మరు; ఏజెంట్ల దగ్గర ఆ మాట వాళ్లు చాలాసార్లు విన్నారు.

ఆడవాళ్ల దగ్గరికి వస్తే, గీసుగొండ దగ్గర 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు, సిరిసిల్ల పక్కన పెద్దూరు అప్పారెల్ పార్కు కుట్టు లైన్లకు చేతులు వెతుక్కుంటున్నాయి. సిరిసిల్ల చుట్టూ వేల ఇళ్లలో చాట ఒడిలో పెట్టుకుని తునికాకు చుట్టే వేళ్లున్నాయి. వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే మనిషికి పీస్ రేటు గురించి వేరే చెప్పక్కర్లేదు. టెన్త్ మెమో బదులు అరగంట పరీక్ష చాలు: పూసలు గుచ్చడం, ఆపైన దారం లేని మిషన్ మీద కాగితంపై గీసిన తిన్నని గీత, వంకర గీత, గుండ్రం వెంట సూది నడపడం. సూది రంధ్రాలు గీత మీదే పడితే చేయి కుదురుతుంది.

విఫలమయ్యేది ఎక్కువగా రెండు చోట్ల. ఇంట్లో తొక్కుడు మిషన్ అలవాటైన కాలు ఫ్యాక్టరీ పెడల్‌ను గట్టిగా నొక్కుతుంది. నిమిషానికి 4,000 కుట్లు దాటే మోటారు గుడ్డను లాగేస్తుంది, భయపడి మర్నాడు రాదు. సర్వో మోటారులో గరిష్ఠ వేగం తగ్గించే ఏర్పాటు ఉంటుంది. మొదటి వారం 1,500 దగ్గర కట్టేసి, తర్వాత మెల్లగా వదలాలి. రెండోది చత్వారం. నలభై దాటినామెకు సూదిలో దారం ఎక్కదు, కుట్టు వంకర పోతుంది, సూపర్‌వైజర్ ‘చేతగాదు’ అని రాసేస్తాడు. ప్లస్ ఒకటి, ఒకటిన్నర కళ్లజోడుతో తీరే సమస్య అది. చేరిన రోజే కంటి పరీక్ష పెట్టండి.

బీడీ కార్మికురాలికి ఇప్పటికే పీఎఫ్ నంబరు ఉండొచ్చు. అడగకుండా కొత్తది తెరిస్తే ఒకే మనిషికి రెండు ఖాతాలై పాత సొమ్ము ఇరుక్కుంటుంది. ప్రభుత్వం ఇచ్చే బీడీ పింఛను 2,016 రూపాయలు పోతుందేమోనన్న భయం వేరే. చేరే ముందే ఎంపీడీవో ఆఫీసులో అడిగి తెలుసుకుని ఆమెకు చెప్పాలి. చెప్పకపోతే రెండో నెలలో ఎవరో ఏదో అంటారు, ఆమె మానేస్తుంది.

బండి షరతుకు జవాబు ఇప్పుడు రోడ్డు మీదే ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. కాబట్టి ఖర్చు సమస్య తగ్గింది, వేళ సమస్య మిగిలింది. ఊరికి మొదటి బస్సు ఏడున్నరకు వస్తే మీ షిఫ్టు ఎనిమిదికి మొదలవకూడదు. షిఫ్టు అరగంట జరపడం, లేదా డిపో మేనేజర్‌కు ఊర్ల పేర్లు, మనుషుల సంఖ్య రాసి బస్సు వేళ మార్చమనడం, రెండూ ప్రయత్నించదగ్గవే. శిక్షణ బ్యాచ్‌ను జూన్‌లో మొదలుపెట్టకండి. జులైలో నాట్లు, దసరా తర్వాత పత్తి ఏరుడు. కైకిలి ఎక్కువ వచ్చే ఆ రోజుల్లో స్టైపెండ్ చూసి ఎవరూ ఆగరు. యాసంగి నాట్లు ముగిసే ఫిబ్రవరిలో మొదలుపెడితే వానాకాలానికి చేయి తిరుగుతుంది.

వికలాంగుల విషయంలో అనుకున్నంత ఖర్చు ఉండదు. వినికిడి లేనివారికి కుట్టు లైన్‌లో సైరన్ బదులు దీపం చాలు. వరంగల్ పక్కన మడికొండ ఐటీ కంపెనీల్లాంటి చోట ఆన్‌లైన్ పరీక్షే అడ్డం. స్క్రీన్ రీడర్‌తో (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవలేని, మౌస్‌తో లాగి పెట్టే ప్రశ్నలుంటే చూపులేని అభ్యర్థి ప్రతిభ బయటపడదు. ప్రభుత్వ పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, అదే లెక్క ఇక్కడా పెట్టుకోవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద 20 మంది, ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానంలో ఇచ్చే సౌకర్యాలన్నీ రాసి పెట్టాలి. చాలాచోట్ల ఆ ఫైలే ఉండదు. ఈఎస్ఐ జీతం పరిమితి కూడా వారికి 21 వేలు కాదు, 25 వేలు.

ఇన్ని చేసినా మూడో వారంలో మనుషులు మాయమవుతారు. ములుగు, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చి హాస్టల్లో దిగిన గిరిజన యువకులు ఎక్కువగా ఇక్కడే జారిపోతారు. ‘నిలకడ లేదు’ అని తేల్చేయకుండా తేదీలు చూడండి: 3న చేరినవాడికి మొదటి జీతం వచ్చే నెల 7న. ముప్పై అయిదు రోజులు మెస్, రీచార్జి, ఊరికి పోయిరావడం ఎవరి సొమ్ముతో? మొదటి ఆరు వారాలు శనివారం శనివారం చేసిన రోజులకు డబ్బు ఇవ్వండి, ఏడో వారం నుంచి నెల జీతంలోకి మార్చండి. ఆధార్‌లో ఇంటి పేరు ఒక రకంగా, బ్యాంకులో మరో రకంగా ఉంటే ఆ డబ్బూ ఆగిపోతుంది. అందుకే కాగితాలు సరిచూసే పని చేరే రోజున కాకుండా, పనితనం పరీక్షించిన రోజునే పెట్టుకోవాలి.