సెప్టెంబర్ 17: సరైన జవాబును గుర్తించండి

గ్రూప్-2కి చదువుతున్న మా తమ్ముడు మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అన్నా, సెప్టెంబర్ 17ని ఏమంటారు?" అన్నాడు. ఎవరు ఏమంటారురా అన్నాను. "బిట్‌లో అది ఇవ్వలేదు."

1948లో ఆ రోజు జరిగింది మాత్రం ఒక్కటే. ఐదు రోజుల సైనిక చర్య తర్వాత నిజాం లొంగిపోయాడు. (ట్యాంకులతో మిలిటరీ దిగితే దాని పేరు పోలీస్ యాక్షన్. పేర్లు పెట్టడంలో మన నేర్పు అప్పటి నుంచే ఉంది.) ఆ తర్వాత ఇన్ని బారసాలలు జరుపుకున్న రోజు క్యాలెండర్‌లో ఇంకోటి ఉండదేమో! కేంద్రానికి అది విమోచనం, కొందరికి విలీనం, ఎర్రజెండా వాళ్లలో కొందరికి విద్రోహం. 2022లో టీఆర్ఎస్ ప్రభుత్వం జాతీయ సమైక్యత అంది, 2024లో కాంగ్రెస్ ప్రభుత్వం ప్రజాపాలన అంది. 2022లోనైతే ఒకే పొద్దున ఒకే నగరంలో పరేడ్ గ్రౌండ్స్‌లో ఒక పేరుతో, పబ్లిక్ గార్డెన్స్‌లో ఇంకో పేరుతో జెండా ఎగరేశారు. అదృష్టం, జెండా మాత్రం ఒకటే. అన్నట్టు, లొంగిపోయిన ఆ నిజామే 1950లో హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ (గవర్నర్ లాంటి పదవి) అయ్యాడు, ఇది ఏ ఆప్షన్ కిందికి వస్తుందో మావాడి కోచింగ్ సెంటర్ మెటీరియల్‌లో లేదు.

ఫ్రాన్స్, జర్మనీలను చూస్తే నాకు జాలి. 1870 నుంచి 1945 లోపు మూడుసార్లు కొట్టుకున్న దేశాలు, పోనీ అని 2006లో కలిసి ఒకే చరిత్ర పాఠ్యపుస్తకం తెచ్చాయి, రెండు భాషల్లో, లోపల విషయం మాత్రం ఒకటే, పైగా ఏ విషయాన్ని ఎవరు ఎలా చూస్తారో కూడా అందులోనే పెట్టారు. ఓఎంఆర్ షీట్ లేని జాతులు కదా, ఎన్ని వేషాలైనా వేస్తారు. రెండు అభిప్రాయాలు పక్కపక్కన ఉంటే మన పిల్లలు ఏ బబుల్ నింపాలి? ఫైనల్ కీ మీద కేసు పడితే నియామకాలు ఎన్నేళ్లు ఆగాలి?

ఇక మా నానమ్మ పరీక్ష రాసుంటే నెగెటివ్ మార్కులే. ఆమెకు 1948 అనే అంకే తెలియదు. "పోలీస్ యాక్షన్ అయిన మూడో ఏడు మీ పెద్దబాపు పుట్టిండు" అనేది, అంతే. కాళ్ల కడియాలు వడ్ల గుమ్మిలో దాచిందట, నలభై తులాలని బరువుతో సహా చెప్పేది, ఎన్నిసార్లు అడిగినా ఒక్క తులం తేడా వచ్చేది కాదు. ఎవరికి భయపడి దాచినవే అంటే వేళ్లు మడుస్తూ "ముందుగాల దొరకు, ఎన్కకు రజాకార్లకు, ఆ ఎన్క మిలిట్రీకి" అనేది.

పాపం, సిలబస్ దాటిపోయింది.

తమ్ముడికి ఇదంతా చెబితే ఓపిగ్గానే విన్నాడు. "అవన్నీ సరేగానీ అన్నా, ఎగ్జామ్ ఎలక్షన్ల ముందా, తర్వాతా?" అన్నాడు. "అది తేలితే ఆన్సర్ నేనే పెట్టుకుంటా."