క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్ గారికి

మహారాజశ్రీ ఎస్ఎంపీఎస్ గారికి, అనగా కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు పంచిపెట్టే పవర్ సప్లై డబ్బాగారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ తమరున్న చోట ఉభయులూ కుశలంగా ఉండటం కష్టం కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

మా మేనల్లుడు మొదటిసారి సొంతంగా పీసీ బిల్డ్ చేస్తున్నాడు. సెలవులన్నీ వీడియోలు చూసి నోట్‌బుక్‌లో లిస్టు రాసుకున్నాడు. ప్రాసెసర్‌కి పావు పేజీ, గ్రాఫిక్స్ కార్డుకి ఒక పేజీ, ర్యామ్ లైట్లు ఏ రంగులో వెలగాలన్న దానికి రెండు పేజీలు. తమరి కోసం వెతికితే చిట్టచివర, క్యాబినెట్ వరసలోనే 'ఎస్ఎంపీఎస్ ఇంక్లూడెడ్' అని కనబడింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీ మెట్లన్నీ ఎక్కి దిగి, షాపు షాపుకీ కొటేషన్ రాయించుకుని, ప్రతి వంద రూపాయలకీ బేరమాడిన కుర్రాడు తమరి గురించి మాత్రం ఒక్క ప్రశ్న వేయలేదు. ఊరికే వచ్చినదాన్ని ఏమని నిలదీస్తాం?

తమరి ఒంటి మీద బిరుదు చూశాను. '450 వాట్స్' అట. వీధి చివరి నుంచి కూడా చదవొచ్చు. దాని కింద చీమతలకాయంత అక్షరాల్లో ఒక పట్టిక ఉంది. అది చదవడానికి ఫోన్ కెమెరాలో జూమ్ చేయాల్సి వచ్చింది. ప్లస్ 12 వోల్ట్ ఎదురుగా 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు 192. ఇప్పటి కంప్యూటర్‌లో ప్రాసెసర్ అయినా, గ్రాఫిక్స్ కార్డయినా ప్రధానంగా తినేది ఆ 12 వోల్ట్ లైన్లోంచే. 3.3, 5 వోల్ట్ లైన్లలో తమరు ఎంత మూటగట్టుకున్నా వాటి ఆకలి తీరదు. మావాడి ప్రాసెసర్ 65 వాట్లది, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 170 వాట్లది. రెండూ కలిస్తేనే 235. మదర్‌బోర్డు, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీ ఇంకా పంక్తిలో కూర్చోనే లేదు. ఆ కార్డు తయారుచేసినవాళ్ళేమో 550 వాట్ల సప్లై పెట్టుకోమంటారు. నిజాయతీగా 450 అని రాసుకున్న సప్లై స్టిక్కర్ మీద 12 వోల్ట్ దగ్గర 36 ఆంపియర్లు ఉంటే, అది 432 వాట్లు. ఆ లెక్కన తమరి మిగతా 258 వాట్లు ఎక్కడున్నాయో, ఏ లైన్లో తపస్సు చేసుకుంటున్నాయో సెలవివ్వగలరా?

అయినా తమరి లౌక్యం మెచ్చుకోవాలి. మొదటి నెల ఏ గొడవా ఉండదు. బ్రౌజర్ తెరిచినా, ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చేసినా ప్రశాంతంగా తిరుగుతుంటారు. గేమ్‌లో సరిగ్గా గెలిచేటప్పుడు ఠక్కున రీస్టార్ట్. నేరం ఎవరి మీద పడుతుంది? ముందు విండోస్ మీద; ఫార్మాట్ కొడతారు. తర్వాత డ్రైవర్ మీద. ఆ తర్వాత ర్యామ్ ఊడదీసి, దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెడతారు. ఇంట్లో పెద్దవాళ్ళు టేబుల్ తూర్పుకి తిప్పమంటారు. ఇంత దర్యాప్తు జరుగుతున్నా, అడుగున రేకు మూత వెనక నల్లగా కూర్చున్న తమరి వైపు ఎవరూ వేలెత్తి చూపరు.

మంచి సప్లై చావాల్సి వస్తే సాధారణంగా ఒంటరిగా చస్తుంది. వోల్టేజ్ హద్దు దాటినా, కరెంటు ఎక్కువ లాగినా, షార్ట్ అయినా తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు లోపల ఉంటుంది. తమరి తయారీలో ముందు మిగుల్చుకునేది ఆ ఏర్పాటు ఖర్చే. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచినట్టు, తమరు పోతూ మదర్‌బోర్డునీ ముప్పై వేల కార్డునీ కూడా తీసుకుపోగలరు. నాలుగైదు వేలు మిగిలాయని సంబరపడిన ఇంట్లో!

తమరి తరఫున ఎప్పుడూ ఒక వాదన వినిపిస్తుంది: పెద్ద వాట్లది పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందని. మా బావగారూ అదే అన్నారు. 650 వాట్ల సప్లై పెట్టినా, కంప్యూటర్ 200 అడిగితే ఆ 200, దానిపైన వేడిగా వృథా అయ్యే కాస్త, అంతే గోడ నుంచి లాగుతుంది. ఆ వృథా ఎంతన్నది చెప్పడానికే 2004 నుంచి '80 ప్లస్' గుర్తు ఉంది: 20, 50, 100 శాతం లోడ్ల దగ్గర కనీసం 80 శాతం ఎఫిషియెన్సీ. బ్రాంజ్, గోల్డ్ ఆ పైమెట్లు. అది పొదుపుకిచ్చిన సర్టిఫికెట్టే గానీ గుణానికి కాదు, నిజమే. అందుకే మావాణ్ణి వారంటీ కూడా చూడమన్నాను. అయిదేళ్ళు ఇస్తానన్న కంపెనీ దేనికో భయపడే కాస్త మంచి పార్టులు వేస్తుంది. బిల్లు లేకపోతే ఆ అయిదేళ్ళూ నోటిమాటే, కాబట్టి 18 శాతం జీఎస్టీకి ఏడవకుండా బిల్లు తీసుకోమన్నాను.

ఇక తమరి వైర్లు. ప్రాసెసర్‌కి ఒక్క నాలుగు పిన్నుల ముక్క, కార్డుకి అసలేమీ లేదు. దానికో మోలెక్స్ కన్వర్టర్, అంటే పాతకాలం డిస్కుల ప్లగ్‌ని కార్డు ప్లగ్‌గా మార్చే వైరు ముక్క, తగిలించుకుంటే సరిపోతుందట! అలా అని సలహా ఇచ్చినవాళ్ళ ఇంట్లో ఆ వైరు ఎంత వేడెక్కుతుందో చేయి పెట్టి చూడాలి. కొత్త సప్లై వచ్చాక మావాడు రెండు సంగతులు గుర్తుంచుకుంటే చాలు: బోర్డు పైమూల ఉండే ప్రాసెసర్ పవర్ ప్లగ్ మర్చిపోకూడదు, సప్లై నుంచి ఊడివచ్చే రకం వైర్లయితే వేరే కంపెనీ సప్లైవి దీనికి గుచ్చకూడదు. ప్లగ్ సరిపోయినా లోపల పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు, డిస్కులు కాలిపోతాయి.

ఒక్క నింద మాత్రం తమరి మీద వేయను. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమనడం చాలాసార్లు ఎర్తింగ్ లేని ప్లగ్ పాయింట్ పుణ్యం. సప్లై ఎంత మంచిదైనా అక్కడ అంతే. దానికి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం.

ఇట్లు,
ఆదివారం తమరి వెనకున్న నాలుగు స్క్రూలూ విప్పబోతున్న,
మావాడి మేనమామ

తా.క.: భయపడకండి, తమరి డబ్బా మాత్రం తెరవను. ప్లగ్ పీకేశాక కూడా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుందని తెలుసు. నేరుగా ఈ-వేస్ట్ తీసుకునే అతని తక్కెడలోకే వెళ్తారు. చేత్తో ఎత్తి చూశాను, టీ డబ్బులైనా రాలేటట్టు లేవు.