చెట్టెక్కిన పారాచూట్‌గారికి

మహారాజశ్రీ పారాచూట్‌గారికి నమస్కారాలు.

చిటారుకొమ్మన గాలి బాగానే తగులుతోందనుకుంటాను. కింద మేమూ క్షేమమే, నా మెడ తప్ప. మధ్యాహ్నమంతా పైకే చూస్తూ కూర్చుంటే ఏ మెడైనా పట్టేస్తుంది.

నా బొమ్మ రాకెట్‌లో మోటార్‌ని అంటించే ఇగ్నైటర్ మీద మీకు చాడీలు చెప్పను. బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోవడం, ఆ బటన్ ఇక పనిచెయ్యకుండా సేఫ్టీ కీ తీసేసి మేం నిమిషం పాటు కొంగల్లా నిలబడటం మామూలే. ఒకసారి రాకెట్ ముక్కునీ ఒంటినీ కలిపి ఉంచే షాక్ కార్డ్ అనే తాడు తెగి ముక్కు ఒకచోట, ఒళ్లు ఒకచోట పడినా సర్దుకుపోయాను. మీ సంగతి వేరు. మీకు ఒక ప్రయాణికుణ్ణి అప్పగించాను.

బొటనవేలంత ప్లాస్టిక్ కోతి. మా అమ్మాయిది. "మళ్లీ తెస్తావా నాన్నా?" అని అడిగితే "పారాచూట్ ఉందిగా" అన్నాను. నా బుద్ధి గడ్డి తిని.

ఖాళీ రాకెట్ ఎగరేస్తే ఎంత ముద్దుగా విచ్చుకుంటారో! కోతి ఎక్కిందా, అయితే అతివృష్టి, లేకపోతే అనావృష్టి. పోయిన వారం సి6-5 అనే రకం మోటార్ పెట్టాను. రెండు సెకన్లలోపే మంట అయిపోయింది. ఆపైన ఐదు సెకన్లు సన్నటి పొగ, తర్వాత 'టప్'మని మిమ్మల్ని బయటికి తోసే ఎజెక్షన్ చార్జ్. ముక్కు ఊడింది. తమరు మాత్రం నమిలి పారేసిన బబుల్‌గమ్‌లా ముద్దగా బయటికొచ్చారు. వేడి తగలకుండా వాడింగ్, అదే మంట అంటుకోని కాగితం, కుక్కాను కదా? మడతలు అంటుకోకుండా పౌడర్ రాశాను కదా? చంటిపిల్లకి కూడా అంత పౌడర్ రాయరు! కోతి తలకిందులుగా మట్టిలో దిగబడింది. విరిగిన తోకని రాత్రి కూర్చుని అతికించాను.

కోతులతో మీ వంశానికి పాత లెక్కలే ఉన్నాయి. 1949లో ఆల్బర్ట్-2 అనే కోతి వీ-2 రాకెట్‌లో అంతరిక్షం దాకా వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు పారాచూట్ పనిచెయ్యక నేలకి కొట్టుకుని చచ్చిపోయింది. 1959లో రాకెట్‌లో వెళ్లిన ఏబుల్, బేకర్ అనే కోతులు ప్రాణాలతో దిగాయి కాబట్టి మీవాళ్లలోనూ మంచివాళ్లు లేకపోలేదు. మా హాబీలో ప్రాణమున్న జీవిని ఎక్కించకూడదంటారు. అందుకే ప్లాస్టిక్‌ది ఎక్కించాను. దానికీ ఈ గతేనా?

ఈరోజు కొత్తగా కుట్టించుకున్న గొడుగులా తెరుచుకున్నారు. అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, సిగ్గులేకుండా. అంతే, గాలి రాగానే దిగడం మర్చిపోయారు. ముళ్లలో, బురదలో మీ వెనకాల పరిగెత్తాను. చెప్పు ఒకటి బురదలోనే ఉండిపోయింది. అంత పెద్ద మైదానంలో ఒకే ఒక్క చెట్టుంటే, సరిగ్గా దాని మీదే వాలావు! ఇంకా మీరూ గీరూ ఏమిటి నీకు? నడినెత్తిన చిల్లు పెడితే గాలి అందులోంచి పోయి త్వరగా దిగుతుందని తెలిసినవాళ్లు ముందే చెప్పారు. నీ అందం పాడవుతుందని నేనే ఒప్పుకోలేదు.

కొసమెరుపేంటంటే మా అమ్మాయి ఏడవలేదు. "కోతే కదా నాన్నా, చెట్టు మీద ఉంటుందిలే" అంది. నిన్ను ఒక్క మాట కూడా అనలేదు.

చెట్టెక్కే వయసు కాదు నాది. గాలికి రాలితే నువ్వే రాలాలి. రేపు పొద్దున్నే వస్తాను. కత్తెర జేబులోనే ఉంటుంది.

ఇట్లు,
ఒంటి చెప్పుతో ఇల్లు చేరినవాడు