గుస్సాడికి ఐదు నిమిషాలు చాలవు

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1982లో ఆదివాసుల కోసం ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన కార్యవర్గం తొలిసారి సమావేశమైన రోజు కాబట్టి ఆ తేదీని ఎంచుకున్నారు. ఆ రోజు హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ మీద కొమురం భీం విగ్రహానికి దండలు పడతాయి, సభలు జరుగుతాయి. సభ మొదట్లోనో, మంత్రిగారు వచ్చేటప్పుడో నెమలి పింఛాల టోపీలు పెట్టుకున్న గుస్సాడి బృందం కాసేపు ఆడుతుంది. చప్పట్లు కొడతాం, ఫోన్లో వీడియో తీసుకుంటాం. మరి ఆ ఆట ఏమిటో, ఎందుకు ఆడతారో ఎవరైనా చెప్పారా?

గుస్సాడి స్వాగత నృత్యం కాదు. దీపావళి రోజుల్లో గోండు గూడేల్లో జరిగే దండారి పండుగలో భాగం. గుస్సాడి వేషం కట్టడమంటే దీక్ష పట్టడమే. దీక్షలో ఉన్నన్నాళ్లూ స్నానం చేయరు. ఒక ఊరి దండారి బృందం మరో ఊరికి అతిథిగా వెళుతుంది. ఆ రాకపోకల్లోనే చుట్టరికాలు కలుస్తాయి, పెళ్లి మాటలు నడుస్తాయి. అంటే అదొక సమాజం తనను తాను కలిపి కట్టుకునే పద్ధతి. దాన్ని సభకు ముందు ఐదు నిమిషాల ఐటమ్‌గా చేసి చూపడం ఆ సంస్కృతికి గౌరవం కాదు. ఈ మాట మేం బాధతోనే అంటున్నాం. ఏళ్ల తరబడి ఆ ఫొటోలు అచ్చువేసిన వాళ్లలో మేమూ ఉన్నాం.

తెలుసుకోవడానికి దారులు లేవా అంటే, నగరంలోనే ఉన్నాయి. మాసాబ్‌ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది. బంజారాహిల్స్‌లో 2022లో కొమురం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమయ్యాయి. అసలు బంజారాహిల్స్ అన్న పేరే ఒకప్పుడు ఆ గుట్టల మీద ఉన్న లంబాడీలది. ఇప్పుడు ఆ పేరు వింటే పెద్ద పెద్ద ఇళ్లే గుర్తుకొస్తాయి.

ఇంకో పొరపాటు, అందరినీ కలిపి ‘గిరిజనులు’ అని ఒకే ముద్ద చేయడం. తెలంగాణలో షెడ్యూల్డ్ తెగలు 32. 2011 లెక్కల ప్రకారం దాదాపు 32 లక్షల మంది. నల్లమల చెంచులకు, కెరమెరి గుట్టల్లోని కొలాములకు, గోదావరి ఒడ్డు కోయలకు భాష వేరు, దేవతలు వేరు, పాట వేరు. లంబాడీల మాట హిందీ, రాజస్థానీల కుటుంబానికి చెందింది. గోండి అయితే మన తెలుగుకు స్వయానా తోబుట్టువు. భాషా శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ ద్రావిడ భాషల్లో ఒకే కొమ్మ మీద పెడతారు. గోండులు లెక్కపెట్టడం వినండి: ఉండి, రండ్, ముండ్, నాలుంగ్, సయ్యుంగ్. నీళ్లను ‘ఏర్’ అంటారు. మన ‘ఏరు’ అక్కడ ఇంకా తాగే నీరే! ఈ ఒక్క మాట ఆరో తరగతి తెలుగు వాచకంలో ఉంటే పిల్లలు ఎంత సంతోషపడతారు!

ఈ భాషకు సొంత లిపి కూడా ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతులపై హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జయధీర్ తిరుమలరావు బృందం పనిచేసింది. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు, ఫోన్లు గుర్తించే లిపుల పట్టికలో, చోటు దక్కింది. గోండులు తమ భాషను తమ లిపిలో ఫోన్‌లో రాసుకునే వీలు అలా ఏర్పడింది. దేశంలో దాదాపు 30 లక్షల మంది మాట్లాడే ఈ భాష రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్‌లో మాత్రం నేటికీ లేదు.

చరిత్రనూ సగమే చెప్పుకుంటున్నాం. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో భీం నేలకొరిగాడని అందరికీ తెలుసు. ఆ తర్వాత ప్రభుత్వం ఆదివాసుల కష్టాలు తెలుసుకోమని మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయి అనే గూడెంలో గోండుల మధ్యే ఉన్నారు. గోండిలో వాచకాలు తయారయ్యాయి, గోండు యువకులే టీచర్లయ్యారు. అమ్మభాషలో చదువు గురించి ఇవాళ కొత్తగా చెప్పుకుంటున్న మాటలను 1940లలోనే అక్కడ ఆచరణలో పెట్టారు. 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఇక 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో ఏం జరిగిందో నగరంలో ఎంతమంది పిల్లలకు తెలుసు? స్వతంత్ర దేశంలో, భూమి కోసం సభ పెట్టుకుందామని వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. భీం గురించి గర్వంగా చెప్పుకునే మనం ఇంద్రవెల్లి గురించీ సిగ్గుతోనైనా చెప్పుకోవాలి.

తొందర ఎందుకంటే, ఈ చరిత్రలో ఎక్కువ భాగం మనుషుల నోటనే ఉంది. బట్టపై బొమ్మలు గీసిన పడిగెలు చూపుతూ డోలీలనే కోయ గాయకులు పాడే సమ్మక్క-సారలమ్మల కథను ఎరిగిన సకిని రామచంద్రయ్య 2024 జూన్‌లో వెళ్లిపోయారు. గుస్సాడి గురువు, మార్లవాయి కనకరాజు అదే ఏడాది అక్టోబర్‌లో వెళ్లిపోయారు. ఇద్దరూ పద్మశ్రీలే. నాలుగు నెలల్లో ఎంత పోయిందో కొలవడానికి మన దగ్గర కొలమానం లేదు.

కాబట్టి ప్రభుత్వాన్ని, నగరంలోని విద్యాసంస్థలను మేం కోరేది ఒకటే. ఆదివాసీ కళాకారులను ఆడించడానికి కాదు, పాఠం చెప్పడానికి పిలవండి. ఒక పూట కాదు, కనీసం పది రోజులు. గోండి, కోయ తెలిసిన విద్యార్థులు మన హాస్టళ్లలోనే ఉన్నారు, వాళ్లే అనువాదకులుగా ఉంటారు. ఆ కళాకారులు చెప్పేది రికార్డు చేసి, ఒక ప్రతి వాళ్ల ఊరి బడికి పంపండి. వచ్చిన గురువుకు శాలువా కప్పి బస్సు ఛార్జీలు చేతిలో పెట్టి పంపకండి. విజిటింగ్ ప్రొఫెసర్‌కు ఇచ్చే పారితోషికమే ఆయనకూ ఇవ్వండి.