ఆధారం: క్షేత్ర పరిశీలన

నిన్న మా కాలేజీలో పిహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒకరు స్వీట్ బాక్స్ పట్టుకుని వచ్చింది. "మేడం, సిమిలారిటీ ఏడు శాతమే వచ్చింది, గట్టెక్కేశాను" అంది. థీసిస్‌లోని రాత వేరేవాళ్ళ రాతలతో ఎంత శాతం కలుస్తుందో సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క అది. సంతోషించాను, స్వీటు తిన్నాను. తర్వాత థీసిస్ తిరగేస్తుంటే మూడో అధ్యాయంలో ఒక పట్టిక కింద చిన్న అక్షరాల్లో "ఆధారం: క్షేత్ర పరిశీలన" అని కనిపించింది. ఆ అమ్మాయి పట్టిక సంగతి నాకు తెలియదు. కానీ సరిగ్గా అదే మాట నా థీసిస్‌లో కూడా ఉంది, అక్కడ అది అబద్ధం. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెప్పాలనిపించి రాస్తున్నాను.

నా పరిశోధన కోనసీమ మురుగు కాలవల మీద. 2011 సార్వాకి (వానాకాలం వరికి) ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించి ఎకరాలకు ఎకరాలు ఊడ్చకుండా వదిలేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కారణాలు చూడమని ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది కూడా అప్పుడే. గిట్టుబాటు ధర, కూలీల కొరత గురించి పేపర్లలో బాగానే వచ్చింది. పూడిపోయి, గుర్రపుడెక్క పట్టిన మురుగు కాలవల గురించి తక్కువ వచ్చింది. వానాకాలంలో పొలంలో నీళ్ళు కిందకి దిగవు. ఎండాకాలంలో కథ తిరగబడుతుంది. దాళ్వా (రెండో పంట) అయిపోయి పంట కాలవలు కట్టేశాక పైనుంచి మంచినీటి తోపు ఉండదు కాబట్టి, పోటు వచ్చినప్పుడు సముద్రపు నీళ్ళు మురుగు కాలవ పట్టుకుని ఊళ్ళోకి ఎగదన్నుకొస్తాయి. ఎంత దూరం వస్తాయి, ఏ నెలలో ఎక్కువ వస్తాయి అన్నది నేను తేల్చాలనుకున్న ప్రశ్న.

ఉప్పలగుప్తం మండలంలో ఒక ఊళ్ళో దానికి జవాబు నాకంటే ముందే తయారుగా ఉంది. ఒక పెద్దాయన, ఎకరంన్నర రైతు, అరుగు మీద కూర్చోబెట్టి లోపల్నుంచి పంచాంగాల కట్ట తెచ్చారు. పదకొండు పంచాంగాలు, ఏడాదికొకటి. ప్రతి అమావాస్య, పౌర్ణమి పక్కన అంచులో పెన్సిల్‌తో చిన్న రాత ఉంది. "3 మెట్లు, ఉ." "2 మెట్లు, చ." మొదట నాకు అర్థం కాలేదు. ఇంటి వెనక మురుగు కాలవ రేవు దగ్గరికి తీసుకెళ్ళి చూపించారు. పోటుకి నీళ్ళు ఎన్ని మెట్లు ఎక్కాయో ఆ అంకె. పక్కనున్న అక్షరం, ఆ నీళ్ళు దోసిట్లో తీసుకుని నాలిక మీద వేసుకుంటే ఉప్పగా ఉన్నాయా, చప్పగా ఉన్నాయా అని. "మా పొలం పాడవుతుంటే ఎప్పట్నుంచి పాడవుతుందో తెలియాలి కదండీ, అందుకని రాసుకున్నాను. మీరు కూడా రాసుకోండమ్మా, ఆయ్" అన్నారు. పదకొండేళ్ళ పాటు నెలకి రెండుసార్లు, జ్వరమొచ్చిన రోజుల్లో కొడుకుని పంపించి మరీ చూశారట. ఆ రోజులకి పక్కన కొడుకు పేరులోని మొదటి అక్షరం కూడా వేసుకున్నారు.

ఆ చివరి మాట మళ్ళీ చదవండి. తాను కాక ఇంకొకరు చూసిన రోజుకి, చూసినవాడి పేరు పక్కన పెట్టుకున్నారాయన. ఎవరూ నేర్పలేదు, ఏ వర్క్‌షాపులోనూ చెప్పలేదు.

నేనేం చేశానో వినండి. టేపు పెట్టి రేవు మెట్లు కొలిచి, ఆ అంకెలన్నీ సెంటీమీటర్లలోకి మార్చి, గ్రాఫు గీశాను. పట్టిక 4.3 అయింది. ఆయన పేరు రాస్తానంటే మా గైడ్ ఒప్పుకోలేదు. "పంచాంగం అంచున రైతు రాసుకుంటే దాన్ని రిఫరెన్స్ అంటారా? వైవాలో నిలబడదు. ఫీల్డ్ డేటా అని పెట్టెయ్" అన్నారు. నాకు అప్పటికి టెన్షన్‌గా ఉంది, గడువు దగ్గర పడింది. పెట్టేశాను. కొలిచింది నేను, చూసింది ఆయన. చూసిన మనిషి ఆ పేజీలో లేకుండా పోయాడు. కృతజ్ఞతల్లో "సహకరించిన గ్రామస్తులకు" అని ఒక్క ముక్క రాశాను, అంతే. తర్వాత ఒక పేపర్‌లో ఎవరో ఆ పట్టికని నా పేరు మీద ఉటంకించారు. చూసి గర్వపడ్డాను కూడా, ఆ రోజు.

అదే థీసిస్ చివర నూట అరవై రిఫరెన్సులు ఉన్నాయి. వాటిలో నేను నిజంగా చదివినవి యాభై దాటవు. మిగతావి పాత థీసిస్‌లలోంచి ఎత్తి అతికించినవి. సంవత్సరం, పేజీ నంబరు, కామాతో సహా. అంటే నా జాబితాలో, నేను ఏమీ తీసుకోనివాళ్ళకి బాకీ ఉన్నట్టు రాసి ఉంది. ఎవరి దగ్గర అసలు తీసుకున్నానో ఆయన ఖాతా మాత్రం చెరిపేసి ఉంది. కిరాణా కొట్లో ఇలాంటి పద్దు రాస్తే పనిలోంచి తీసేస్తారు. మనకి డాక్టరేట్ ఇచ్చారు.

ఈ చదవకుండా అతికించే జబ్బు మన ఒక్కళ్ళదే కాదు. సిమ్‌కిన్, రాయ్‌చౌధురీ అని ఇద్దరు పరిశోధకులు 2003లో ఒక పని చేశారు. 1973 నాటి ఒక ప్రసిద్ధ భౌతికశాస్త్ర వ్యాసాన్ని సుమారు 4,300 మంది ఉటంకిస్తే, అందులో 196 చోట్ల వివరాలు తప్పుగా పడ్డాయి. కానీ వేర్వేరు తప్పులు 45 మాత్రమే. ఒకే తప్పు 78 సార్లు వచ్చింది! 78 మంది చేతులు విడివిడిగా అదే చోట జారవు కదా. ఒకరి జాబితాలోంచి ఇంకొకరు దించుకుంటూ పోయారు. దాన్నిబట్టి ఉటంకించేవాళ్ళలో అసలు వ్యాసం చదివేది ఇంచుమించు 20 శాతమే అని వాళ్ళు లెక్క కట్టారు. ఇప్పుడైతే చాట్‌జీపీటీని అడిగి, అసలు లేనే లేని వ్యాసాలకి కూడా పేజీ నంబర్లు వేసుకొచ్చే పిల్లల్ని చూస్తున్నాం. వాళ్ళని తిట్టే ముందు, చదవకపోయినా జాబితా నిండుగా ఉంటే చాలని వాళ్ళకి నేర్పింది మనమేనని ఒప్పుకోవాలి.

థీసిస్‌లలో కాపీని ఆపడానికి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లో నిబంధనలు తెచ్చింది. 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు. 40 శాతం వరకైతే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్ళీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మంచిదే, కొంత భయం పుట్టింది. కానీ ఆ పోలిక చూసేటప్పుడు రిఫరెన్సుల జాబితానీ, కృతజ్ఞతల పేజీనీ లెక్కలోంచి తీసేస్తారు. తీసేయడంలో తప్పు లేదు, అవి అందరికీ ఒకేలా ఉంటాయి. కాకపోతే నేను చేసిన రెండు తప్పులూ సరిగ్గా అక్కడే ఉన్నాయి. చదవని పుస్తకాలు ఆ జాబితాలో, దోచుకున్న మనిషి ఆ కృతజ్ఞతల్లో. పంచాంగం అంచు ఏ సర్వర్‌లోనూ లేదు కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ నన్ను పట్టుకోలేదు, ఎప్పటికీ పట్టుకునే వీలు కూడా లేదు. ఏడు శాతం వచ్చిందంటే నిజాయితీగా ఉన్నట్టు కాదు, మాటలు మార్చి రాసినట్టు, అంతే.

భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి మనం ఎంత బాధపడతామో తెలుసు కదా. 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆయన ఇచ్చిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఈనాటికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే అంటారు. తర్వాతి పని సంగతి వేరు. ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లని (జీవకణాల్లో ఉండే రసాయనాలు) ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందని, ఫిస్కే ఆయన పనిని వెలుగు చూడనివ్వలేదని, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పారు. ఈ సంగతి నేనే ప్రతి ఏడాదీ క్లాసులో గొంతు పూడుకుపోయేలా చెబుతాను. మనవాడికి అమెరికాలో అన్యాయం జరిగిందని. అదే నోటితో, మా జిల్లాలో ఒక రైతు పదకొండేళ్ళ పని మీద నా పేరు వేసుకుని తిరిగాను. హార్వర్డ్‌లో జరిగితే అన్యాయం, ఉప్పలగుప్తంలో జరిగితే ఫీల్డ్ డేటానా?

"మరి రైతుని రిఫరెన్సుల్లో ఎలా రాస్తాం, పద్ధతి ఉండొద్దా?" అంటారు మా తోటివాళ్ళు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ళ పద్ధతిలో స్వయంగా చెప్పిన మాటని వ్యాసం మధ్యలో పేరుతో, తేదీతో రాయొచ్చు, చివరి జాబితాలో మాత్రం ఉండదు. అది చాలదని కెనడాలో లొరీషియా మెక్‌లియడ్ అనే ఆదివాసీ లైబ్రేరియన్, పెద్దలు చెప్పిన జ్ఞానాన్ని పుస్తకాలతో సమానంగా జాబితాలోనే ఎలా రాయాలో నమూనాలు తయారుచేశారు. మనిషి పేరు, ఏ జాతి, ఏ ప్రాంతం, ఏ విషయం చెప్పారు, ఎప్పుడు చెప్పారు. మన గోదావరి జిల్లాల్లో ఊరు, మండలం, తేదీ వేసి రాయడానికి ఏం అడ్డు? పద్ధతి లేక కాదు. పంచె కట్టుకున్నవాడి మాట జాబితాలో చేరిస్తే మన థీసిస్ బరువు తగ్గుతుందన్న భయం.

ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది, దాన్ని కొట్టిపారేయను. ఇదే డెల్టాలో చేపల చెరువులకీ వరి పొలాలకీ మధ్య ఉన్న గొడవల గురించి మాట్లాడిన ఒకావిడ "నా పేరు రాశావంటే ఊళ్ళో ఉండలేను తల్లీ" అంది. ఆవిడ పేరు ఎక్కడా రాయలేదు, రాయను. పేరు రాయాలా వద్దా అన్నది చెప్పినవాళ్ళు తేల్చాలి. ఆ పెద్దాయన్ని నేను అసలు అడగనే లేదు.

పోయిన నెల వెళ్ళి అడిగాను. ఆ పట్టికని పత్రికకి పంపుతున్నాను, ఈసారి మీ పేరుతో, మీ అబ్బాయి పేరుతో వేస్తానని చెప్పాను. అప్పుడెందుకు వెయ్యలేదో కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. కోప్పడలేదు. "ఆ లెక్కలు తప్పు రాలేదు కదమ్మా?" అని మాత్రం అడిగారు. ఫేస్‌బుక్‌లో వద్దన్నారు, అందుకే ఇక్కడ పేరు లేదు. పత్రికలో వెయ్యమన్నారు. నోట్‌బుక్ తీసి రాసుకుంటుంటే ఆపి, "ఇంటిపేరు పొడి అక్షరం వెయ్యకండి, పూర్తిగా రాయండి. ఈ ఊళ్ళో ఆ పేరుతో ముగ్గురున్నాం" అన్నారు.