‘ఇది నిజంగా జరిగిందా?’ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ‘ఇది నిజంగా జరిగిందా?’ గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. ఈ ముక్క మీద కూడా తమరికి అనుమానం వస్తుందని తెలుసు. అయినా ఉత్తరమన్నాక ఆచారం తప్పకూడదు కనక రాశాను.

నిన్న ఆదివారం మధ్యాహ్నం తమరు మా ఇంటికి వేంచేసిన సంగతి మరిచిపోయి ఉండరు. బ్రోకరు తీసుకొచ్చిన కుటుంబం మంచివాళ్లే. నీళ్లు ఎప్పుడొస్తాయి, కరెంటు మీటరు విడిగా ఉందా, బండి ఎక్కడ పెట్టుకోవాలి అని అద్దెకొచ్చేవాళ్లు అడగాల్సినవన్నీ అడిగారు. అద్దె దగ్గర వాళ్లు కాస్త బేరమాడారు, నేను కాస్త దిగాను. ఆ అబ్బాయి అడ్వాన్సు డబ్బు జేబులోంచి బయటికి తీశాడు కూడా. సరిగ్గా అప్పుడే వాళ్లమ్మగారు గుమ్మం పక్కన నా పేరు చూసి, “వారపత్రికలో ఆ లంకలో ఇంటి డైరీ, అదే, ఆ పోస్టుమాస్టరు దయ్యం కథ రాసింది మీరేనా మాస్టారూ?” అన్నారు.

నేనేనండీ అన్నాను. అంత సంతోషంగా అనకుండా ఉండాల్సింది. మరుక్షణం ఆవిడ నోటినుంచి తమరు ఊడిపడ్డారు.

లేదండీ, అంతా కల్పించి రాసిందే అన్నాను. “మరి ఈ మెట్లు అచ్చం అందులో ఉన్నట్టే ఉన్నాయే?” మెట్లు ఎక్కడైనా మెట్లలాగే ఉంటాయి కదండీ అన్నాను. “నుయ్యి ఏదీ?” ఈ ఇంట్లో నుయ్యి లేదండీ, కట్టినప్పటినుంచీ బోరే అన్నాను. ఆవిడ కొడుకు వంక ఒక చూపు చూసి, నిదానంగా అన్నారు: “పూడ్చేశారన్నమాట.”

అబ్బాయి డబ్బు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. బ్రోకరు వాళ్లని గేటుదాకా సాగనంపి వెనక్కొచ్చి, “కథలు రాసేవాళ్లు టులెట్ బోర్డు పెట్టకూడదు సార్” అని సలహా ఇచ్చి, ఎండలో వచ్చినందుకు పెట్రోలు ఖర్చు అడిగాడు.

అయ్యా, నేను లెక్కల మాస్టారిని. రుజువు చెయ్యడమే నా జీవనాధారం. కానీ తమరి ముందు ఏ రుజువూ పనిచెయ్యదు. నుయ్యి ఉంటే అదే సాక్ష్యం. లేకపోతే పూడ్చేశారు, కనక ఇంకా గట్టి సాక్ష్యం. నవ్వి ఊరుకుంటే పైకి ధైర్యం నటిస్తున్నాను. విసుక్కుంటే ‘చూశావా, ఎలా ఉలిక్కిపడ్డాడో’. ఆ డైరీ రాసుకున్న పోస్టుమాస్టరు ఎవరండీ, మీ నాన్నగారా అంటారు. మా నాన్న రైతు అంటే, అయితే తాతగారా? మా వంశంలో పోస్టాఫీసు గడప ఎక్కింది స్టాంపులు కొనడానికే అని ఎన్నిసార్లు చెప్పినా, ‘పేరు బయటికి రాకూడదని ఒట్టు వేయించుకుని ఉంటారు’ అని వాళ్లే నాకు ధైర్యం చెబుతారు.

తమరొక్కరే వచ్చినా భరించేవాణ్ణి. బంధుగణాన్ని కూడా వెంటేసుకొస్తారు. ఒకాయన ఉత్తరం రాశాడు: ఈశాన్యంలో మెట్లు పెట్టిన ఇంట్లో దయ్యం రాక లక్ష్మీదేవి వస్తుందా అని. ఇంకొకాయన పాత పంచాంగం తిరగేసి మరీ, 1986లో వరదొచ్చిన ఆ ఆగస్టు నడిమి రోజులు శుక్లపక్షం, తమరు అమావాస్య ఎలా రాశారు అని నిలదీశాడు. లేని ఇంటికి తిథి మాత్రం కచ్చితంగా ఉండాలట. ఒక రియలెస్టేటు పెద్దమనిషి ఫోన్ చేసి, స్థలం ఎన్ని గజాలు, దయ్యం పేరు పడింది కనక చవగ్గా ఇస్తారేమో కనుక్కోమన్నాడు. కెమెరాలు పట్టుకుని రాత్రుళ్లు పాడుబడ్డ ఇళ్లలో తిరిగే కుర్రాళ్లు లొకేషన్ పంపమన్నారు. మా పెద్దమ్మ కోడలైతే, ఆ డైరీలో దీపం ఆర్పకుండా పడుకునే ఇల్లాలు తనేనని తేల్చుకుని, పండక్కి పలకరించడం మానేసింది. వీళ్లందరినీ క్షమించాను. పంచాంగం ఆయన్నయితే మెచ్చుకున్నాను కూడా. తమర్ని మాత్రం వదలబుద్ధి కావడం లేదు.

తమరిది ఈనాటి వంశమూ కాదు. 1764లో ఇంగ్లండులో హొరేస్ వాల్‌పోల్ అనే దొరగారు ఒట్రాంటో కోట కథ అచ్చువేస్తూ తన పేరు దాచుకున్నారు. ఇది 1529లో నేపుల్స్‌లో అచ్చయిన ఇటాలియన్ పుస్తకం, ఒక పాత కాథలిక్కు కుటుంబం గ్రంథాలయంలో దొరికింది, విలియం మార్షల్ అనే ఆయన అనువాదం చేశాడు అని ముందుమాటలో నమ్మబలికారు. ఎక్కణ్ణుంచో ఊడిపడ్డ రాక్షసప్రమాణం ఇనపటోపీ కింద పెళ్లికొడుకు నలిగి చచ్చే కథ అది. పాఠకులు మురిసిపోయారు. మరుసటేడు రెండో ముద్రణలో, రాసింది నేనే బాబూ అని దొరగారు ఒప్పుకున్నారు. అంతే, అంతకుముందు మెచ్చుకున్న మంత్లీ రివ్యూ పత్రికే మొహం మాడ్చుకుంది. పాతకాలం వాడు రాశాడనుకుంటే సరిపోయింది గాని, ఇంత నాగరికత వచ్చాక ఈ మూఢత్వం మళ్లీ తవ్వితీయడమేమిటి అని. టోపీ అదే. కింద నలిగిన పెళ్లికొడుకూ అతనే. మారింది రాసినవాడి పుట్టిన సంవత్సరం ఒక్కటే.

ఇంకా దగ్గరికొస్తే, 2001లో అమెరికాలో ఎలెన్ రింబావర్ అనే ఆవిడ డైరీ అంటూ ఒక పుస్తకం వచ్చింది. సియాటిల్‌లో దయ్యాల మేడ, ఆ మేడ యజమానురాలు రహస్యంగా రాసుకున్న దినచర్య, దాన్ని పరిష్కరించి అచ్చేసింది బోమాంట్ విశ్వవిద్యాలయం ప్రొఫెసరమ్మ. ఎలెన్ లేదు. మేడ లేదు. ప్రొఫెసరమ్మ లేదు. అసలా విశ్వవిద్యాలయమే లేదు. మరుసటేడు టీవీలో రాబోతున్న, దయ్యాల కథల రచయిత స్టీఫెన్ కింగ్ సీరియల్‌కి ముందస్తు ప్రచారంగా రిడ్లీ పియర్సన్ అనే నవలాకారుడు రాసిన పుస్తకం అది. చదివినవాళ్లలో కొందరు అక్షరమక్షరం నమ్మారు. ఇంకొందరు తెలివైనవాళ్లు, ‘మేం అంత అమాయకులం కాదు, ఇది కింగే రాశాడు’ అన్నారు. నమ్మినవాడూ తప్పే, నమ్మనివాడూ తప్పే. కూర్చుని అన్ని పేజీలూ నింపిన పియర్సన్ మాత్రం ఎవరికీ తట్టలేదు.

అదే అమెరికాలో, న్యూయార్కు దగ్గర ఆమిటీవిల్‌లో, 1974లో ఒకే కుటుంబంలో ఆరుగురు హత్యకు గురైన మాట నిజం. ఆ తర్వాత ఆ ఇల్లు కొన్నవాళ్లు దయ్యాలు అంటూ 28 రోజులకే ఖాళీ చేశారు. 1977లో ‘యథార్థ గాథ’ అని అట్టమీదే వేసుకుని పుస్తకం వచ్చింది. ఆ పిమ్మట అక్కడ కాపురం పెట్టినవాళ్లకి దయ్యాలు కనపడలేదు. పాఠకులు కనపడ్డారు. కార్లేసుకుని వచ్చి, గేటు దగ్గర నిలబడి, కిటికీల్లోకి తొంగిచూసే పాఠకులు. చివరికి ఇంటి నంబరు మార్చారు. నేను నంబరు మార్చాలంటే మున్సిపాలిటీ చుట్టూ తిరగాలి. దానికన్నా దయ్యమే నయం.

సరే, మీరూ గారూ అనడం ఇక నా వల్ల కాదు. సూటిగా అడుగుతున్నాను. నువ్వు అసలు ఏం కావాలని అడుగుతావు?

జరిగింది అంటే భయపడతారు, ఇల్లు అద్దెకి తీసుకోరు. జరగలేదు అంటే, ‘ఓ... అంతేనా’ అంటారు. నన్ను కాల్చుకు తినేది ఆ ‘అంతేనా’. అప్పటిదాకా రాత్రుళ్లు దీపం ఆర్పకుండా చదివామని చెప్పిన మనిషే, నేను కల్తీ నెయ్యి అంటగట్టినట్టు చూస్తాడు. దయ్యం ఉందంటే నమ్ముతాడట. దాన్ని ఒక మాస్టారు తన బుర్రతో పుట్టించాడంటే మాత్రం నామోషీ. ఉన్న దయ్యాన్ని చూసి రాయడానికి ఏం కావాలి, కాగితం, కలం. లేనిదాన్ని అరుగెక్కించి, గొంతుకిచ్చి, పక్కింటివాళ్లకి కూడా వినపడేలా చెయ్యాలంటే ఎన్ని రాత్రుళ్లు కావాలో నీకేం తెలుసు?

పాత పోస్టాఫీసు మనుషుల దగ్గర కూర్చుని, సంచి మూతి మీద లక్క ఎలా వేసేవారో, పొద్దున్నే డేట్ స్టాంపులో తేదీ అచ్చులు ఎలా మార్చేవారో అడిగి తెలుసుకున్నాను. అదే నా కథకి ఆయువుపట్టు. పోస్టుమాస్టరు రోజూ ఉదయం ఆ రోజు తేదీ బిగిస్తాడు. ఉత్తరం మీద ముద్ర కొడితే 1953 ఆగస్టు అని పడుతుంది. మళ్లీ మారుస్తాడు, మళ్లీ అదే. ఆయన ఉంటున్న మండువా ఇంట్లో, చేంతాడు లేని నూతి గిలక అర్ధరాత్రి తిరుగుతూంటుంది. 1986 ఆగస్టు దగ్గరికొచ్చేకొద్దీ ఇంకా ఇంకా జోరుగా తిరుగుతుంది. 1953 ఎందుకో గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. 1986 ఎందుకో అసలే చెప్పక్కర్లేదు.

ఆ డైరీ మొత్తంలో నిజంగా జరిగినవి ఆ రెండు వరదలే. లంకలకి లంకలు నీట మునిగాయి. జనం గట్టుల మీద, పెంకుటిళ్ల కప్పుల మీద బతికారు. పాడి పోయింది, పంట పోయింది. దాని గురించి నువ్వొక్కసారైనా నోరు విప్పావా? ఒక్కడంటే ఒక్కడు, ‘మాస్టారూ, నీళ్లు నిజంగా అంత ఎత్తు వచ్చాయా’ అని అడిగాడా? ఇల్లు మునిగిన సంగతి పేజీ తిప్పేసినంత తేలిగ్గా దాటేస్తావు. గిలక కిర్రుమన్న చోట మాత్రం వేలు పెట్టి, ఇది జరిగిందా అంటావు. సిగ్గులేదూ నీకు?

కోపంలో ఏదేదో రాసేశాను. కొట్టెయ్యను.

ఇంతా రాశాక ఒక సంగతి చెప్పకపోతే నిద్ర పట్టదు. మొన్నామధ్య లంకలోంచి ఒక ముసలావిడ ఫోన్ చేసింది. మనవరాలు చదివి వినిపించిందట. దయ్యం సంగతి ఎత్తనే లేదు. “పోస్టుమాస్టరు అరుగు మీదకి నీళ్లు ఎక్కాయని రాశావు కదా బాబూ, దొడ్లో గేదె మెడ తాడు ఎప్పుడు విప్పాడు?” అంది. నేను గుటకలు మింగాను. ఆవిడ చెప్పుకుంటూ పోయింది: ఎనభై ఆరులో ముందు పశువుల్ని విప్పారట, తర్వాత పిల్లల్ని అటకెక్కించారట, బియ్యం డబ్బా ఆఖర్న గుర్తొచ్చిందట. ఇన్నాళ్లూ నేను ఎదురుచూసిన పాఠకురాలు ఈవిడే అనుకుంటూ, దొరికిన కాగితమ్ముక్క మీద గబగబా రాసుకుంటున్నాను. అంతలో నువ్వొచ్చావు. ఆవిడ గొంతులోంచి, వెంకన్న ప్రసాదం పెట్టినంత ఆప్యాయంగా వచ్చావు.

“ఇంతకీ ఇది నిజంగా జరిగిందా బాబూ?”

అందరికీ లేదు లేదని మొత్తుకునేవాణ్ణి, ఏమైందో తెలీదు, ఆవిడకి మాత్రం కాదనలేకపోయాను. “జరిగిందండీ” అన్నాను.

“చాల్లే, ఊరుకో. ఇంట్లోకి నీళ్లొస్తుంటే గేదెని విప్పకుండా డైరీ రాసుకుంటూ కూర్చునేవాణ్ణి లంకల్లో నేనెక్కడా చూళ్లేదు” అని ఫోన్ పెట్టేసింది.