దణ్ణం పెట్టుకునే వాళ్లను నిలదీయవద్దు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడిన రోజు. సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్లింట్లోకి నడుములోతు నీళ్లొస్తే, మేడ మీద అద్దెకున్నవాళ్ల గదిలో తలదాచుకున్నారు. నేను డాలస్ నుంచి ఎన్నిసార్లు చేసినా కలవని ఫోను చివరికి కలిసింది. "ఛార్జింగ్ అయిపోతోంది, పెట్టేస్తున్నానమ్మా. దుర్గమ్మకు దణ్ణం పెట్టుకో" అంది. అంతే.

ఆ మాటే ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం వాట్సాప్ గ్రూపులో రాశాను. ఒకాయన, బాగా చదువుకున్న మనిషి, "దణ్ణాలతో నీళ్లు తగ్గుతాయా? గండ్లు ఎందుకు పడ్డాయో అడగండి" అని జవాబిచ్చారు. ఆయన రెండో మాట అక్షరాలా నిజం. మొదటి మాట ఇప్పటికీ నా గుండెలో ముల్లులా ఉంది.

గండ్ల సంగతి అడగవలసిందే. వెలగలేరు దగ్గర నుంచి బుడమేరు వరదను కృష్ణలోకి తిప్పే మళ్లింపు కాలువ గట్టు మూడు చోట్ల తెగింది. పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. కృష్ణే నిండి పొర్లుతుంటే బుడమేరు ఎటు పోవాలి? ఏటి దారిలో ఇళ్లు లేస్తుంటే ఎవరు చూస్తూ ఊరుకున్నారు? గట్ల మరమ్మతు ఎవరి బాధ్యత? అధికారంలో ఉన్నవాళ్లను, ఉండి దిగిపోయినవాళ్లను గట్టిగా అడగవలసిన ప్రశ్నలివి. కానీ మా పిన్ని దణ్ణం వీటికి ఎక్కడ అడ్డం వచ్చింది? ఆవిడ దీపం చూసి గట్టు పని మానుకున్నవాడు ఎవడూ లేడు.

తర్వాత ఆవిడే చెప్పింది. అగ్గిపెట్టె తడవకుండా ఖాళీ పాల కవరులో చుట్టి దాచుకుందట. మూడో రోజు పడవలో వచ్చిన కుర్రాళ్లు పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు ఇస్తే, బకెట్‌కు పాత చీర కట్టి పైకి లాగారట. వాళ్లలో ఒక అబ్బాయి "ప్రభువు ఉన్నాడు, భయపడకండి అమ్మగారూ" అన్నాడట. పిన్ని అమ్మవారి కొండ వైపు తిరిగి ఒకసారి, ఆ అబ్బాయి వైపు తిరిగి ఒకసారి దణ్ణం పెట్టింది.

ఇక్కడ అమెరికాలోనూ ఇదే గొడవ చూస్తున్నాం. 2017 నవంబరులో టెక్సాస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో ఆదివారం ఆరాధనకు వచ్చినవాళ్లను కాల్చి చంపితే, "ప్రార్థనలకు బలముంటే వాళ్లు బతికేవాళ్లు కదా" అన్నవాళ్లున్నారు. తుపాకుల చట్టాలను ఓటుతో మార్చగల నాయకుడు ప్రార్థన మాట చెప్పి తప్పించుకుంటే ఆయన ఓటు గురించి అడగాలి, ఆ రోజే అడగాలి. అందుకు శవాల పక్కన కూర్చున్నవాళ్ల నమ్మకాన్ని గేలి చేయనక్కరలేదు.

బిడ్డను పోగొట్టుకున్న తల్లే "మీ ప్రార్థనలు నాకొద్దు" అంటే, తల వంచుకుని వినాలి. ఆ మాట ఆమె కడుపుకోతలోంచి వచ్చింది. దాన్ని మనం అరువు తెచ్చుకుని ఇంకో తల్లి మీద విసిరే హక్కు లేదు.

ఆ పెద్దమనిషికి నాదొక విన్నపం. బుడమేరు గట్ల గురించి మన సంఘం తరఫున ప్రభుత్వానికి ఒక లేఖ మీరే రాయండి, మీకు ఆ విషయం తెలుసు. నేను సంతకం చేస్తాను. పిన్నిని అడిగాను, తనూ చేస్తానంది.